బ్యాక్టీరియా ఒంటి మీద యాంటీబాడీలు కొలవడానికి ఎలైసానా, ఫ్లోనా, మైక్రోస్కోపా?

వ్యాక్సిన్ వేయించుకున్న మనిషి సీరంలో (రక్తం గడ్డకట్టాక మిగిలే తేట ద్రవంలో) యాంటీబాడీలు పెరిగాయని చెప్పడం సులువు. ఆ యాంటీబాడీలు చెక్కుచెదరని బ్యాక్టీరియా పైపొరను పట్టుకుంటున్నాయా, పట్టుకుంటే ఎంత గట్టిగా, అన్ని కణాలనూ పట్టుకుంటున్నాయా లేక కొన్నింటినేనా అని చెప్పడమే కష్టం. ఎమ్మెస్సీ ప్రాజెక్టులోనో పీహెచ్‌డీ మొదట్లోనో ఈ ప్రశ్న ఎదురైతే చాలామంది ముందు చూసేది అందుబాటులో ఏ మెషిన్ ఉందా అని. ల్యాబ్‌లో ఎలైసా (రంగును బట్టి యాంటీబాడీని కొలిచే టెస్ట్) రీడర్ ఉంటే ఎలైసా, పక్క డిపార్ట్‌మెంట్‌లో ఫ్లో సైటోమీటర్ (కణాలను ఒక్కొక్కటిగా లేజర్ ముందు నడిపి కొలిచే మెషిన్) ఉంటే ఫ్లో. ఇది తలకిందుల వ్యవహారం అని నా అభిప్రాయం. మెషిన్ ఏదైనా సరే, దానికి ఇచ్చే బ్యాక్టీరియాను ఎలా పెంచారు, బతికుంచారా చంపారా, చంపితే ఎలా చంపారు అన్నదే ఫలితాన్ని ఎక్కువగా తేలుస్తుంది. అందుకే ఈ పోలికలో మెషిన్ల గురించి ఎంత ఉంటుందో, బ్యాక్టీరియా తయారీ గురించీ అంతే ఉంటుంది.

ఉదాహరణగా టైఫాయిడ్‌ను తీసుకుంటాను. మనకు బాగా దగ్గరి విషయం. జ్వరం నాలుగు రోజులు తగ్గలేదంటే వైడాల్ టెస్ట్ రాయించుకోవడం మన ఊళ్లలో మామూలే. పైగా ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రీక్వాలిఫికేషన్ దక్కిన తొలి రెండు టైఫాయిడ్ కాంజుగేట్ వ్యాక్సిన్లూ హైదరాబాద్‌వే. భారత్ బయోటెక్ వారి టైప్‌బార్ టీసీవీకి 2017 చివర్లో, బయోలాజికల్ ఈ వారి టైఫిబెవ్‌కు 2020లో అది వచ్చింది. మొదటిదాంట్లో వీఐ అనే చక్కెర పొరను టైఫాయిడ్ బ్యాక్టీరియా నుంచే తీసి టెటనస్ టాక్సాయిడ్‌కు అతికించారు. రెండోదాంట్లో అదే వీఐని సిట్రోబ్యాక్టర్ అనే వేరే బ్యాక్టీరియా నుంచి తీసి సీఆర్ఎం197 ప్రొటీన్‌కు అతికించారు. రెండూ మన శరీరానికి ప్రధానంగా చూపించేది ఆ వీఐ పొరనే.

ముందు ఆ పైపొర మీద ఏముందో తెలియాలి

టైఫాయిడ్ తెచ్చే సాల్మొనెల్లా టైఫి మీద యాంటీబాడీలు పట్టుకునే ముఖ్యమైన చోట్లు మూడు. లోపలి నుంచి పైకి పొడుచుకొచ్చిన 'ఓ' (O అక్షరం) అనే యాంటిజెన్, తోకల్లాంటి ఫ్లాజెల్లాలోని హెచ్ యాంటిజెన్, వీటన్నిటి మధ్య కణాన్ని చుట్టేసిన వీఐ క్యాప్సూల్. చిక్కంతా ఈ వీఐతోనే. రోగి నుంచి అప్పుడే తీసిన బ్యాక్టీరియా ఓ యాంటీసీరంతో సరిగా గుంపు కట్టడం లేదని గమనించి, 1934లో ఫెలిక్స్, పిట్ ఈ పొర సంగతి బయటపెట్టారు. వీఐ మందంగా ఉంటే ఓ యాంటీబాడీలకు దారి దొరకదు. అదే బ్యాక్టీరియాను మరిగిస్తే వీఐ ఊడిపోతుంది, ఓ యాంటీబాడీలు హాయిగా అంటుకుంటాయి.

కాబట్టి మరిగించిన బ్యాక్టీరియాతో ప్లేట్ పూసి "ఈ సీరంలో పైపొరను పట్టుకునే యాంటీబాడీలు బ్రహ్మాండంగా ఉన్నాయి" అని రాస్తే, అది మనిషి ఒంట్లో తిరిగే బ్యాక్టీరియా గురించి చెప్పిన మాట కాదు. పొర ఒలిచిన బ్యాక్టీరియా గురించి చెప్పిన మాట.

కల్చర్ పెంచే పద్ధతి కూడా తక్కువదేం కాదు. ఉప్పు ఎక్కువున్న బ్రాత్‌లో (కల్చర్ పెంచే ద్రవంలో) టైఫి వీఐని తక్కువగా తయారుచేస్తుంది. ఎల్‌బీ అనే బ్రాత్‌లో లీటరుకు 10 గ్రాముల ఉప్పుండే మిల్లర్ రకం ఉంది, 5 గ్రాములుండే లెనాక్స్ రకం ఉంది. వీఐ కోసం చూసేవాళ్లు రెండోదాన్ని తీసుకోవాలి. డబ్బా మీద ఎల్‌బీ అని ఉంటే చాలదు, వెనక లేబుల్ చదవాలి. ఇంకో మాట, వీఐ జన్యువులున్న ఎస్‌పీఐ-7 అనే డీఎన్ఏ ముక్క పదేపదే సబ్‌కల్చర్ చేస్తే కొన్ని కణాల్లో ఊడిపోవచ్చు. ఫ్రీజర్ స్టాక్ తీసిన ప్రతిసారీ వీఐ యాంటీసీరంతో స్లైడ్ మీద ఒకసారి చూసుకుంటే రెండు నిమిషాల పని.

అగ్లుటినేషన్: పాతదే, ఇప్పటికీ పనికొస్తుంది

ఇది 1896 నాటి వైడాల్ పద్ధతి. సీరం చుక్కలో బ్యాక్టీరియా సస్పెన్షన్ కలిపి స్లైడ్‌ను మెల్లగా అటూ ఇటూ వంచితే, యాంటీబాడీలు ఉంటే పాలలాంటి ద్రవం ఇసుక రేణువుల్లా విరుగుతుంది. ట్యూబ్‌లో చేస్తే తేడా ఇంకా బాగా తెలుస్తుంది. ఓ యాంటీబాడీలతో వచ్చే గుంపులు సన్నగా, గరగరగా అడుగున ఉంటాయి. హెచ్‌వైతే దూదిపింజల్లా వదులుగా, కాస్త కదిపితే లేచిపోయేలా ఉంటాయి. కంటితో చూసి ఏ యాంటిజెన్ పని చేస్తోందో చెప్పగలిగే టెస్ట్ ఇంకోటి లేదు.

ఖర్చు తక్కువ, మెషిన్ అక్కర్లేదు. కానీ అంకె ముతకగా వస్తుంది. డైల్యూషన్ (సీరాన్ని పలచన చేయడం) ప్రతిసారీ రెండింతలు అవుతుంది కాబట్టి 1:80కీ 1:160కీ మధ్య ఏముందో తెలియదు. ఒక మెట్టు తేడాను తేడాగా లెక్కవేయకూడదు. యాంటీబాడీల్లో ఐజీఎం అనే రకం అణువుకు 10 చేతులుంటాయి, ఐజీజీ అనే రకానికి రెండే. అందుకని గుంపు కట్టించడంలో ఐజీఎందే పైచేయి. వ్యాక్సిన్ తర్వాత పెరిగిన ఐజీజీ చూడాలనుకునేవాళ్లకు ఈ పద్ధతి సరిపోదు. సీరం చిక్కగా ఉన్నప్పుడు యాంటీబాడీలు మరీ ఎక్కువై గుంపు కట్టకపోవడం, అంటే ప్రోజోన్, మరో తలనొప్పి. మొదటి ట్యూబ్ నెగెటివ్ వచ్చిందని వదిలేయకుండా చివరి డైల్యూషన్ దాకా వెళ్లాలి. స్ట్రెయిన్ సరైనదో కాదో చూసుకోవడానికి మాత్రం దీన్ని మించింది లేదు.

హోల్ సెల్ ఎలైసా: సంఖ్య కావాలంటే ఇదే, కానీ అనుమానంతో చదవాలి

బ్యాక్టీరియాను 96 వెల్స్ (చిన్న గుంటలు) ఉన్న ప్లేట్‌కు అంటించి, ఖాళీలను బీఎస్ఏ అనే ప్రొటీన్‌తో బ్లాక్ చేసి, సీరం వేసి, కడిగి, హెచ్ఆర్‌పీ ఎంజైమ్ తగిలించిన, మనిషి ఐజీజీని పట్టుకునే రెండో యాంటీబాడీ (సెకండరీ) వేసి, టీఎంబీ అనే రసాయనంతో రంగు తేలాక ఆసిడ్‌తో ఆపి 450 నానోమీటర్ల దగ్గర చదవడం. రోజుకు వందల సీరంలు చేయొచ్చు. డిగ్రీ కాలేజీలో కూడా రీడర్ దొరుకుతుంది. 200 మంది సీరంలను వరసపెట్టి పోల్చాలంటే నేనైనా దీన్నే ఎంచుకుంటాను.

ఇబ్బంది ఎక్కడంటే, వెల్ మొత్తానికి ఒకే అంకె వస్తుంది. ఓడీ (రంగు చిక్కదనం) 1.2 వచ్చిందనుకోండి, అది పైపొర నుంచి వచ్చిందా, పగిలిన కణాల్లోంచి కారిన లోపలి ప్రొటీన్ల నుంచి వచ్చిందా రీడర్‌కు తెలియదు. వేడితో చంపితే లోపలి సరుకు బయటికి వస్తుంది, ప్లేట్‌కు అంటుకుంటుంది. అలాంటి ప్రొటీన్లు చాలా బ్యాక్టీరియాల్లో ఒకేలా ఉంటాయి కనుక, టైఫాయిడ్ ఎప్పుడూ రాని మనిషి సీరం కూడా వాటికి అంటుకుంటుంది. చూసేవాడికి అది మంచి సిగ్నల్‌లాగే కనిపిస్తుంది. వేడికి బదులు కొద్దిపాటి ఫార్మలిన్‌తో చంపితే ఈ గొడవ చాలావరకు తగ్గుతుంది.

రెండో ఇబ్బంది, ప్లేట్‌కు బ్యాక్టీరియా సమానంగా అంటుకోకపోవడం. కొన్ని వెల్స్‌లో వాష్‌తో పాటు కొట్టుకుపోతాయి. పాలీ ఎల్ లైసిన్ పూత ముందే వేస్తే పట్టు పెరుగుతుంది. ప్లేట్‌లో ఒక వరసను వేరుగా ఉంచి, అన్ని వాష్‌లూ అయ్యాక క్రిస్టల్ వయొలెట్ వేసి చూడండి. వెల్‌కూ వెల్‌కూ రంగులో తేడా కనబడితే యాంటీబాడీ అంకెల మీద చర్చ పెట్టడం దండగ.

ఇక్కడే ఇంకో ఎంపిక ఉంది. బ్యాక్టీరియా మొత్తాన్ని కాకుండా శుద్ధిచేసిన వీఐని మాత్రమే ప్లేట్‌కు పూయడం. వ్యాక్సిన్ ట్రయల్స్‌లో చేసేది ఇదే. ఫలితాన్ని అంతర్జాతీయ యూనిట్లలో చెప్పడానికి డబ్ల్యూహెచ్ఓ రిఫరెన్స్ సీరం కూడా ఉంది. అయితే వీఐ మామూలు ప్లాస్టిక్‌కు సరిగా పట్టదు, దానికీ పాలీ ఎల్ లైసిన్ లాంటి ఊతం కావాలి. ఈ ఎలైసా "వీఐకి యాంటీబాడీ ఉందా" అన్నదానికి గట్టి జవాబిస్తుంది. బ్యాక్టీరియా మీద అంటుకుంటుందా అన్నదానికి ఇవ్వదు. ఆ రెండిటినీ కలిపేసి రాసిన థీసిస్‌లు కనిపిస్తూనే ఉంటాయి.

ఫ్లో సైటోమెట్రీ: అసలు ప్రశ్నకు అసలు జవాబు

పైపొర మీద అంటుకున్న యాంటీబాడీయే మీ ప్రశ్న అయితే నా ఓటు దీనికే. బ్యాక్టీరియాను ద్రవంలోనే, కణం కణంగా, పగలగొట్టకుండా చూస్తుంది. ప్రతి కణానికీ వేరే అంకె ఇస్తుంది.

దీని విలువ ఒక హిస్టోగ్రాంలో తెలిసిపోతుంది. సగం కణాలు బాగా వెలుగుతూ కుడివైపు ఒక గుట్టగా, మిగతా సగం నెగెటివ్ కంట్రోల్ ఉన్నచోటే ఇంకో గుట్టగా వచ్చాయనుకోండి. కల్చర్‌లో సగం వీఐ పోగొట్టుకుందేమో అని వెంటనే అనుమానం వస్తుంది. అదే శాంపిల్ ఎలైసాలో పెడితే మధ్యస్థంగా ఒక ఓడీ వచ్చి ఊరుకుంటుంది. సీరం బలహీనమైందని రాసేస్తాం.

కష్టమల్లా బ్యాక్టీరియా సైజుతో. మెషిన్ సెట్టింగులన్నీ సాధారణంగా 7 నుంచి 10 మైక్రాన్లుండే రక్తకణాల కోసం పెట్టి ఉంటాయి. టైఫి మందం ఒక మైక్రాన్ దగ్గర్లో, పొడవు రెండు మూడు మైక్రాన్లు. మామూలు త్రెషోల్డ్‌తో (మెషిన్ కణంగా లెక్కించే కనీస సిగ్నల్‌తో) నడిపితే స్క్రీన్ మీద అసలు కనిపించదు. త్రెషోల్డ్ తగ్గిస్తే బఫర్‌లోని దుమ్ము, ఉప్పు గింజలు, ఎలక్ట్రానిక్ రొద అన్నీ ఎడమ కింది మూలకు వచ్చి చేరతాయి, బ్యాక్టీరియా వాటి పక్కనే కలిసిపోయి కూర్చుంటుంది. దీనికి మందు మూడు పనుల్లో ఉంది. త్రెషోల్డ్‌ను ఎఫ్ఎస్‌సీ (ముందుకు చెదిరే వెలుగు) మీద కాకుండా ఎస్ఎస్‌సీ (పక్కకు చెదిరే వెలుగు) మీద పెట్టండి, రెండూ లాగ్ స్కేల్‌లోనే చూడండి. పీబీఎస్ అనే బఫర్‌ను 0.22 మైక్రాన్ ఫిల్టర్‌లో వడకట్టి, ముందు ఆ ఖాళీ పీబీఎస్‌నే నడిపి సెకనుకు ఎన్ని ఈవెంట్లు వస్తున్నాయో రాసుకోండి. డీఎన్ఏకు అంటుకునే రంగు ఒకటి కలిపి, అది వెలిగినవాటినే బ్యాక్టీరియాగా గేట్ చేయండి, అంటే లెక్కలోకి తీసుకోండి.

ఆ మూడో పనిలో చాలామంది పప్పులో కాలేస్తారు. డీఎన్ఏ రంగు సైటో 9 ఆకుపచ్చగా వెలుగుతుంది, సెకండరీకి తగిలించే ఎఫ్ఐటీసీ రంగు కూడా ఆకుపచ్చే. రెండూ కలిపితే యాంటీబాడీ లేకపోయినా అన్ని కణాలూ పాజిటివే. సైటో 9 వాడితే సెకండరీ యాంటీబాడీని అలెక్సా 647 లాంటి ఎర్ర రంగులో కొనాలి. ఎఫ్ఐటీసీ సెకండరీ ఇప్పటికే ఫ్రిజ్‌లో ఉంటే డీఎన్ఏ రంగును ఎరుపులో తీసుకోవాలి. ఆర్డర్ పెట్టకముందే ఈ లెక్క చూసుకోండి, ఫ్లోరసెంట్ సెకండరీలు చవక కాదు.

ట్యూబ్‌కు సుమారు 10 లక్షల కణాలు చాలు. సీరాన్ని 56 డిగ్రీల దగ్గర అరగంట ఉంచి కాంప్లిమెంట్ అనే ప్రొటీన్లను చంపాలి, లేకపోతే అది బ్యాక్టీరియా పొరను చిల్లులు పొడిచి మొదటికే మోసం తెస్తుంది. గట్టిగా వోర్టెక్స్ చేస్తే ఫ్లాజెల్లా తెగిపోతాయి, అప్పుడు హెచ్ సిగ్నల్ గాలికి పోతుంది. మెషిన్‌ను తక్కువ వేగంతో నడపాలి. వేగం పెంచితే రెండు మూడు కణాలు కలిసి లేజర్ ముందుకు వచ్చి ఒకటిగా లెక్కపడతాయి. సీరం బలంగా ఉంటే గుంపులు కట్టడం ఎలాగూ ఉంటుంది. బాగా పని చేసే సీరమే ఫ్లోలో అందరికంటే గందరగోళంగా కనిపించేది అందుకే. సీరాన్ని ఇంకా పలచన చేస్తే సర్దుకుంటుంది.

ఫలితాన్ని "శాతం పాజిటివ్" అని మాత్రమే రాసేవాళ్లతో నాకు పేచీ ఉంది. గేటు గీత కొంచెం ఎడమకు జరిపితే 60 శాతం 80 అవుతుంది. మీడియన్ ఫ్లోరెసెన్స్ ఎంత, సెకండరీ మాత్రమే వేసిన ట్యూబ్‌లో ఎంత, వ్యాక్సిన్‌కు ముందు తీసిన సీరంలో ఎంత, ఈ మూడూ పక్కపక్కన ఉండాలి. మూడోది మన దగ్గర మరీ ముఖ్యం, ఎందుకంటే టైఫాయిడ్ తిరిగే ప్రాంతంలో పెరిగిన పెద్దవాళ్ల సీరం ఖాళీగా ఉంటుందని ఆశపడలేం. ఒక వారం, ఒక మెషిన్ అంకెలను ఇంకో వారం, ఇంకో మెషిన్ అంకెలతో పోల్చాలంటే కాలిబ్రేషన్ బీడ్స్ తప్పవు.

మైక్రోస్కోప్: లెక్కకు కాదు, నమ్మకానికి

ఫ్లోరసెంట్ యాంటీబాడీ పుట్టిందే బ్యాక్టీరియా మీద. 1941లో హార్వర్డ్‌లో ఆల్బర్ట్ కూన్స్ బృందం న్యూమోకాకస్‌ను పట్టుకునే యాంటీబాడీలకు రంగు తగిలించి, అవి అంటుకున్న బ్యాక్టీరియా అల్ట్రావయొలెట్ వెలుగులో మెరవడం చూపింది. ఇప్పటికీ ఈ పద్ధతి చెప్పే విషయం మిగతావి చెప్పలేవు. యాంటీబాడీ కణం చుట్టూ సమానంగా ఉంగరంలా అంటుకుందా, మచ్చలు మచ్చలుగానా, ఫ్లాజెల్లా వెంటనా, లేక అసలు బ్యాక్టీరియా వదిలేసి పక్కనున్న చెత్తకు అంటుకుందా అన్నది 100ఎక్స్ ఆయిల్ లెన్స్‌లో కనిపిస్తుంది.

ఒక జాగ్రత్త. స్లైడ్ మీద మెథనాల్‌తో ఫిక్స్ చేశాక స్టెయిన్ చేస్తే పొర తెరుచుకుని లోపలికీ యాంటీబాడీ వెళ్తుంది. పైపొర కావాలంటే ట్యూబ్‌లో స్టెయిన్ చేసి, కడిగి, ఆ తర్వాతే స్లైడ్‌కు ఎక్కించాలి. ఫ్లోకు తయారుచేసిన ట్యూబ్ నుంచే అయిదు మైక్రోలీటర్లు తీసి చూస్తే వేరే ప్రయోగం కూడా అక్కర్లేదు. ఫ్లో ఫలితం చూపించే ప్రతివాళ్లనూ ఈ ఫొటో అడగాలి.

స్టాఫిలోకాకస్ మీద చేసేవాళ్లకు

టైఫిలో లేని ఒక గొడవ స్టాఫిలోకాకస్ ఆరియస్‌లో ఉంది. దాని పైపొర మీదుండే ప్రొటీన్ ఎ చాలావరకు ఐజీజీలను తోకవైపు, అంటే ఎఫ్‌సీ భాగం దగ్గర పట్టేసుకుంటుంది. ఆ యాంటీబాడీకి స్టాఫ్‌తో సంబంధం లేకపోయినా సరే. సెకండరీని కూడా వదలదు. గ్రూప్ సి, జి స్ట్రెప్టోకాకైలో ప్రొటీన్ జిదీ ఇదే వరస. ప్రొటీన్ ఎ తీసేసిన మ్యూటెంట్ స్ట్రెయిన్ వాడటం, ఎఫ్‌సీ భాగం లేని ఎఫ్ఏబీ2 సెకండరీ కొనడం, ఈ రెండూ చేయకుండా ఫ్లో అయినా ఎలైసా అయినా ఒకటే, రెండూ అబద్ధమే చెబుతాయి.

మరి మీరు ఏది తీసుకోవాలి?

సీరంలు వందల్లో ఉండి, ఎవరిది ఎక్కువ ఎవరిది తక్కువ అని మాత్రమే తేల్చాలంటే ఫార్మలిన్ బ్యాక్టీరియాతో హోల్ సెల్ ఎలైసా చేయండి. అందులోంచి ఎక్కువ, మధ్య, తక్కువ వచ్చినవాటిని కొన్ని ఏరి ఫ్లోలో సరిచూడండి. రెండిటి వరస కలిస్తే ఎలైసా అంకెల మీద భరోసా ఉంటుంది. కలవకపోతే బ్యాక్టీరియా తయారీ దగ్గరికి వెనక్కి వెళ్లండి.

వీఐ క్యాప్సూల్ ఓ యాంటీబాడీలను అడ్డుకుంటోందా లాంటి ప్రశ్న అయితే నేరుగా ఫ్లోకే వెళ్లాలి. వీఐ ఉన్న స్ట్రెయిన్, లేని స్ట్రెయిన్ రెండూ పక్కపక్కన పెట్టాలి. సిగ్నల్ నిజంగా వీఐదేనా అని తేల్చడానికి చవకైన ఉపాయం ఉంది. సీరంలో ముందే కొంచెం శుద్ధిచేసిన వీఐ కలిపి, తర్వాత స్టెయిన్ చేయండి. సిగ్నల్ పడిపోతే అది వీఐ యాంటీబాడీదే. లేదా వీఐ లేని బ్యాక్టీరియాతో సీరాన్ని ముందు నానబెట్టి ఓ, హెచ్ యాంటీబాడీలను లాగేయొచ్చు.

మీ ల్యాబ్‌లో బతికున్న టైఫి మీద పనిచేసే బీఎస్ఎల్-2 (రెండో బయోసేఫ్టీ స్థాయి) వసతి, కమిటీ అనుమతి లేకపోతే దాని జోలికి వెళ్లొద్దు. ఓ యాంటీబాడీలకు నోటి వ్యాక్సిన్ స్ట్రెయిన్ టీవై21ఎ పనికొస్తుంది. దానికి వీఐ ఉండదు, బ్రాత్‌లో కాస్త గెలాక్టోజ్ వేస్తేనే ఓ యాంటిజెన్ పూర్తిగా తయారవుతుంది. వీఐకి, ఆ పొరను చేసే సిట్రోబ్యాక్టర్ స్ట్రెయిన్ ఉంది. ఉమ్మడి ఫ్లో ఫెసిలిటీలు చాలావరకు ఫిక్స్ చేసిన శాంపిళ్లే తీసుకుంటాయి. అలాంటప్పుడు ముందు స్టెయిన్ చేసి, చివర్లో పారాఫార్మాల్డిహైడ్ వేయండి.

పేగులోంచో మూత్రంలోంచో తీసిన బ్యాక్టీరియా మీద శరీరంలోనే అంటుకున్న యాంటీబాడీని చూడాలంటే సీరం వేసే పనే లేదు, సెకండరీ వేసి కొలవడమే. మలంలో ఐజీఏ అనే రకం యాంటీబాడీ అంటుకున్న బ్యాక్టీరియాను ఫ్లోలో వేరుచేసి డీఎన్ఏ సీక్వెన్సింగ్ చేసే పద్ధతి 2014 నుంచి బాగా వాడుకలోకి వచ్చింది. మూత్రం విషయంలో మాత్రం చరిత్ర చూసి జాగ్రత్తపడాలి. యాంటీబాడీ అంటుకున్న బ్యాక్టీరియా కనిపిస్తే ఇన్‌ఫెక్షన్ కిడ్నీలో ఉందని, లేకపోతే బ్లాడర్‌లోనేనని చెప్పే టెస్ట్ 1974లో వచ్చింది. తప్పుడు పాజిటివ్‌లు, తప్పుడు నెగెటివ్‌లు ఎక్కువై మామూలు వాడకంలోంచి పోయింది.

చివరగా, రివ్యూయర్ తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది. అంటుకున్న యాంటీబాడీ బ్యాక్టీరియాను చంపుతోందా? పైన చెప్పినవేవీ దీనికి జవాబివ్వవు. అంటుకుని కూడా ఏమీ చేయనివి ఉంటాయి, చంపే పనికి అడ్డుపడేవీ ఉంటాయి. దీనికి సీరం బ్యాక్టీరిసైడల్ ఎస్సే వేరేగా చేయాలి. ఫ్లోలోనే ఒక మెట్టు ముందుకు వెళ్లి, యాంటీబాడీతో పాటు సి3 కాంప్లిమెంట్ ఎంత అంటుకుందో చూస్తే కొంత సూచన దొరుకుతుంది. దేనికైనా కాంప్లిమెంట్ కావాలి, అది లాట్ మారితే బలం మారుతుంది. స్టడీ మొత్తానికి సరిపడా ఒకే లాట్ తెప్పించి, చిన్న చిన్న ట్యూబుల్లో పంచి, మైనస్ 80లో పెట్టుకోండి. ఒకసారి కరిగించిన ట్యూబ్‌ను మళ్లీ ఫ్రీజర్‌లో పెట్టొద్దు.